ఆపరేషన్ నిఘంటువు

సాయంత్రం అయిదూ నలభైకి చీఫ్ యాదగిరి చనిపోయాడు.

కంది దాటాక బొంబాయి రోడ్డు మీద ఆయన స్కూటర్‌ను వెనక నుంచి ఒక ట్యాంకర్ గుద్దింది. ట్యాంకర్‌కు నంబర్ ప్లేటు లేదు. రోడ్డు మీద బ్రేకు వేసిన గుర్తులు లేవు. పంచనామా రాసిన హెడ్ కానిస్టేబుల్ మృతుడి వృత్తి దగ్గర 'పొగాకు వ్యాపారం' అని రాసుకున్నాడు. జేబులో జర్దా డబ్బా తప్ప ఇంకేమీ దొరకలేదు మరి. పద్దెనిమిదేళ్లు గూఢచారిగా బతికిన మనిషి పొగాకు వ్యాపారిగా పోయాడు. ఆయన కవర్ అంత పకడ్బందీగా ఉండేది.

తేదీ 1988 జనవరి 21, గురువారం.

అంతకు సరిగ్గా రెండు గంటల ముందు ఆయన పోతిరెడ్డిపల్లి చౌరస్తాలోని ఒక టీ హోటల్లో ఏజెంట్ దేవదానానికి ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"బస్ చార్జి ఎంతైంది?" అని అడిగాడు చీఫ్.

"పెరిగింది సార్. మళ్ల తగ్గదు" అన్నాడు దేవదానం.

అది కోడ్‌వర్డ్. ఎనిమిదేళ్లుగా అదే హోటల్లో అదే బల్ల దగ్గర టీ తాగుతున్న ఇద్దరికి కోడ్‌వర్డ్ ఎందుకని దేవదానం ఒకసారి అడిగి చీవాట్లు తిన్నాడు. రూల్ రూలే.

దేవదానానికి యాభై ఆరేళ్లు. సోడాబుడ్డి కళ్లద్దాలు, చంకలో గొడుగు, చొక్కా జేబులో నాలుగు పెన్నులు. అందులో ఒక పెన్ను కెమెరా. అతన్ని చూసి సీక్రెట్ ఏజెంట్ అని ఎవరూ అనుకోరు. అదే అతని మారువేషం. వేషం తీసేసినా మనిషి అలాగే ఉంటాడన్నది వేరే సంగతి. పటాన్‌చెరులో వైఖరి ఆర్గానిక్స్ అనే మందుల కంపెనీలో అతను ట్రాన్స్‌లేటర్. జర్మనీ నుంచి వచ్చిన యంత్రాలకు జర్మనీ నుంచి వచ్చే మాన్యువల్స్‌ను ఇంగ్లీషులోకి, వర్కర్ల కోసం తెలుగులోకి మార్చడం అతని ఉద్యోగం.

"ఫోటో చూపియ్" అన్నాడు చీఫ్.

దేవదానం పొద్దున తీసిన ఫోటో బల్ల మీద పెట్టాడు. హాంబర్గ్ నుంచి ప్రతివారం కొరియర్‌లో మాన్యువల్ సవరణ కాగితాలు వస్తాయి. చివరి పేజీలో ఇంగ్లీషు మాటలకు జర్మన్ అర్థాల పట్టిక ఉంటుంది. అందులో ఒక్క మాట మాత్రం ప్రతివారం మళ్లీ మళ్లీ వస్తోంది. చార్జ్.

దాని కింద ఏడు జర్మన్ మాటలు. గెబ్యూర్ అంటే కట్టవలసిన రుసుము. ఆన్‌క్లాగె అంటే నేరారోపణ. లైటుంగ్ అంటే అజమాయిషీ. ఆన్‌గ్రిఫ్ అంటే మీద పడడం. షుట్స్‌లింగ్ అంటే ఒకరి సంరక్షణలో ఉన్న మనిషి. బెషికుంగ్ అంటే రియాక్టర్‌లో సరుకు వేయడం. లాడుంగ్ అంటే పేలుడు మందు దట్టింపు. ప్రతివారం వాటిలో ఒక మాట కింద గుండుసూదితో సన్నని చిల్లు ఉంటుంది. కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూస్తే తప్ప కనబడదు.

చీఫ్ నవ్వాడు. "ఇంగ్లీషోడు ఒక్క గిన్నెల్నే అన్నీ వండుతడు దేవదానం. జర్మనోడు దేనికి దానికి వేరే గిన్నె పెడ్తడు. మనమేమో ఇంగ్లీషోని గిన్నెను ఎత్తుకొచ్చుకున్నం. బస్ చార్జి, చార్జ్‌షీట్, లాఠీచార్జ్, షిఫ్ట్ ఇన్‌చార్జ్. అన్నిటికీ గదే."

"మొదటి వారం గెబ్యూర్ కింద చిల్లు. కంపెనీల లోపలి మనుషులకు ముట్టాల్సింది ముట్టింది. రెండో వారం ఆన్‌క్లాగె. రియాక్టర్ ఆపరేటర్ కొమురయ్యకు చార్జ్‌షీట్ ఇచ్చిండ్రు. మూడో వారం లైటుంగ్. పాత షిఫ్ట్ ఇన్‌చార్జ్‌ను బదిలీ చేసిండ్రు" అన్నాడు దేవదానం.

"ఇయ్యాల?"

"ఆన్‌గ్రిఫ్ సార్. ఎవరి మీదనో దాడి."

"ఎవరి మీద అయితదంటవ్?"

"తెలుస్తలేదు సార్."

చీఫ్ కాసేపు జర్దా నలిపాడు. ఆపరేషన్ పేరు నిఘంటువు. వైఖరి ఆర్గానిక్స్ క్షయకు వాడే మందును విదేశీ ధరలో పావు వంతుకు తయారుచేయబోతోంది. అది హాంబర్గ్‌లో కూర్చున్న ముఠాకు గిట్టదు. కంపెనీ పేలిపోవాలి, ప్రమాదంలా కనబడాలి. భోపాల్ జరిగి నాలుగేళ్లు కాలేదు. ఇంకొకటి పేలితే ఆ మందు జోలికి ఈ దేశంలో ఎవరూ వెళ్లరు. షిఫ్ట్‌లో ఉండే అరవై మంది సంగతి ముఠా లెక్కలో లేదు.

"లోపల ముఠా మనిషి ప్రొడక్షన్ మేనేజర్ లింగం. గది తెలిసిందే" అన్నాడు చీఫ్. "వాని సెక్రటరీ ఎలిజబెత్ సంగతి నీకు ఇయ్యాల చెప్తున్న. ముఠా ఆమె తమ మనిషనుకుంటున్నది. ఆమె మన మనిషి. ఏజెంట్ నైన్."

దేవదానం టీ గ్లాసు కింద పెట్టాడు. ఎలిజబెత్ అతనికి తెలుసు. సంగారెడ్డిలో ఒకే చర్చి. టీచర్ లీలమ్మ కూతురు. నల్లకళ్లద్దాలు, జార్జెట్ చీర, కంపెనీలో సాల్వెంట్ వాసనను కూడా తోసేసే సెంటు. లింగం కారులో ముందు సీట్లో కూర్చుని వస్తుంది. ఆ పిల్ల గురించి చర్చి మెట్ల మీద జనం అనుకునే మాటలను తను కూడా నమ్మినందుకు అతనికి సిగ్గేసింది.

"వాండ్లు చెప్పిన కాడల్లా సంతకం పెట్టమని నేనే చెప్పిన. పెట్టింది. దిగుమతి కాగితాల మీద కూడ. రేపు పట్టుబడితే వాండ్లతోపాటు ఆమె కూడ ముద్దాయే. ఆమె మనదన్న సంగతి నాకు తెలుసు, ఇప్పుడు నీకు తెలుసు. కాగితం మీద ఎక్కడా లేదు."

"రాసి పెట్టండి సార్."

"రాస్తే లీకయితది. నేనున్న కదా." చీఫ్ లేచి హెల్మెట్ లేని తలను రుమాలుతో తుడుచుకున్నాడు. "ఆ పిల్ల నీ చార్జ్, దేవదానం. పాణంతోని, పేరుతోని ఇంటికి చేర్చాలె."

దాడి ఎవరి మీదో రెండు గంటల తర్వాత తెలిసింది.

*

మర్నాడు శుక్రవారం కొమురయ్య మీద ఎంక్వయిరీ. దేవదానం చార్జ్‌షీట్‌ను తెలుగులో చదివి వినిపించాలి. ఎలిజబెత్ నోట్స్ రాయాలి. ప్రొడక్షన్ మేనేజర్ లింగం విచారించాలి. చీఫ్ శవం అప్పటికి సంగారెడ్డి ఆసుపత్రిలో ఉంది.

కొమురయ్యది కిష్టారెడ్డిపేట. నాలుగో నంబర్ రియాక్టర్ దగ్గర సీనియర్ ఆపరేటర్. రెండెకరాల్లో ఇప్పటికీ జొన్న వేస్తాడు. అతని నేరం ఏమిటంటే, కొత్త మందు మొదలుపెట్టిన రోజున స్టోర్ నుంచి వచ్చిన మొదటి డ్రమ్మును రియాక్టర్‌లో వేయడు. దానికి పసుపు పూసి, బొట్టు పెట్టి, స్తంభానికి ఉన్న మైసమ్మ గూటి కింద నిలబెడతాడు. రెండో డ్రమ్ముతో పని మొదలుపెడతాడు. ఆ మందు ఆఖరు లాట్ అయ్యేదాకా బొట్టు పెట్టిన డ్రమ్ము కదలదు. కంపెనీ మొదలైన రోజు నుంచీ అక్కడ అదే పద్ధతి.

"మాన్యువల్‌ల ఏం రాసి ఉంది?" అన్నాడు లింగం. "డ్రమ్ములు వరుస నంబర్ ప్రకారమే వెయ్యాలె. నోటీస్ అంటించినమా లేదా?"

ఆ నోటీసును తెలుగులో రాసింది దేవదానమే. అందమైన అక్షరాలతో రాశాడు.

"అంటించిండ్రు సార్" అన్నాడు కొమురయ్య. "మా ఇంట్ల తొలి పంట మైసమ్మకు పెట్టంది ఎవ్వలు ముట్టరు. చేన్ల అయితే ఏంది, కంపెనీల అయితే ఏంది? ఇది కూడ పంటనే కదా సార్."

"మళ్ల చేస్తే ఉద్యోగం ఊడుతది."

కొమురయ్య చేతులు కట్టుకుని నేల చూశాడు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటున్నారు. "మీ నోటీసుకు భయపడి ఇగ బొట్టు పెట్టను సార్. రాసుకోండి. కానీ ఒకపాలి బొట్టు పెట్టినంక మాత్రం ఆ డ్రమ్మును నేను ఎత్త. గిది కూడ రాసుకోండి. నేనే కాదు, ఈ షెడ్‌ల ఎవ్వడు ఎత్తడు."

ఎలిజబెత్ రాసుకుంది. లింగం మొదటి వాక్యం వరకే సంతకం పెట్టించుకుని, రెండోది కొట్టేయమన్నాడు.

బయటికి వచ్చాక వరండాలో ఆమె దేవదానం పక్కన ఆగి, పర్సులో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకుంది.

"బస్ చార్జి ఎంతైంది సార్?"

"పెరిగింది. మళ్ల తగ్గదు." అతను గొడుగు సర్దుకున్నాడు. "నిన్న కంది కాడ చీఫ్ పోయిండు, బిడ్డా."

ఆమె పర్సు మూసింది.

"అయితే నేనెవరో ఇప్పుడు ఎవరికి తెలుసు?"

"నాకు."

"మీరొక్కరేనా?"

"నేనొక్కన్నే."

ఆమె నవ్వబోయి మానుకుంది. "జెర పైలంగ రోడ్డు దాటండి సార్" అని లింగం గదిలోకి వెళ్లిపోయింది.

*

ఆదివారం ఆరాధన అయ్యాక సంగారెడ్డిలో చర్చి బయట లీలమ్మ దేవదానాన్ని ఆపింది. రిటైరైన టీచర్. తెల్లచీర మడత నలగకుండా కట్టుకునే మనిషి. ఆమె పక్కనుంచి వెళ్లేవాళ్లు వందనాలు చెప్పి, వెంటనే మొహం తిప్పుకుంటున్నారు.

"దేవదానమన్నా, నువ్వూ ఆ కంపెనీల్నే ఉన్నవు కదా. నా బిడ్డ అక్కడ ఏం చేస్తున్నదో నాకు చెప్పకు. వినే ఓపిక లేదు. ఇంటికి మాత్రం తీస్కరా."

"తీస్కొస్తనమ్మా" అన్నాడు. తన ముప్పై ఏళ్ల సర్వీసులో అంత సూటిగా ఎవరికీ మాట ఇవ్వలేదు.

ఈసారి వారం ఆగకుండా సోమవారమే వచ్చిన కొరియర్‌లో షుట్స్‌లింగ్ కింద చిల్లు ఉంది. సంరక్షణలో ఉన్న మనిషి. ముఠా తన గూటిలోని పిట్టను అనుమానిస్తోంది. దేవదానం వెంటనే ఎలిజబెత్‌కు చెప్పాడు. ఈ రోజే బస్సెక్కి వెళ్లిపో, మిగతాది నేను చూసుకుంటా అన్నాడు.

"ఏం చూసుకుంటరు సార్? ఏ డ్రమ్ములో ఏముందో మీకు తెలుస్తదా? నేను పోతే ఇక లోపల మనకు కండ్లు ఉండవు" అంది ఎలిజబెత్. "భయమైతుంది సార్. అది నిజం. కానీ నా సంతకంతోని వచ్చిన సరుకు. నేనెట్ల పోతా?"

దేవదానానికి ఆఫీసు ఇచ్చిన చేతిగడియారంలో ట్రాన్స్‌మిటర్ ఉంది. ప్రమాదం వస్తే ఒక మీట నొక్కితే చాలు, హైదరాబాద్‌లో గంట మోగుతుందని చెప్పారు. పటాన్‌చెరు గాలికి అది మూడు వారాల్లో తుప్పు పట్టింది. మీట లోపలికి పోయి అక్కడే ఉండిపోయింది. రోజుకో రంగులో పారే వాగు పక్కన దేశాన్ని కాపాడే గడియారం మాత్రం ఎన్నాళ్లు పనిచేస్తుంది?

జనవరి 28, గురువారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు చివరి కాగితం వచ్చింది. ఈసారి రెండు చిల్లులు. బెషికుంగ్, లాడుంగ్. రియాక్టర్‌లో సరుకు వేయాలి. పేలాలి. పేజీ నంబర్ ఇరవై ఎనిమిది, వరుస పదహారు. ఇరవై ఎనిమిదో తేదీ, పదహారు గంటలు.

అంటే ఇవాళ సాయంత్రం నాలుగుకు. నాలుగో నంబర్ రియాక్టర్‌లో కొత్త మందు మొదలయ్యేది కూడా ఇవాళే.

దేవదానం పోస్టాఫీసుకు పరుగెత్తాడు. హైదరాబాద్ ఆఫీసుకు ట్రంకాల్ దొరికేసరికి రెండూ నలభై అయింది.

"డిప్యూటీ స్పీకింగ్."

"సార్, నిఘంటువు ఈ రోజు నాలుగింటికి. నాకు మనుషులు కావాలె. మన ఏజెంట్ నైన్ లోపల ఉంది."

"ఏజెంట్ నైన్ ఎవరు?"

"చీఫ్ గారికి తెలుసు సార్."

"చీఫ్ పోయారు కదయ్యా. ఫైల్లో ఎనిమిది మందే ఉన్నారు. చూడండి, నేనింకా చార్జ్ తీసుకోలేదు. రిపబ్లిక్ డే బందోబస్తు లెక్కలే తేలలేదు. సోమవారం తీసుకుంటాను. అప్పటిదాకా ఏ ఆర్డరూ ఇవ్వలేను."

"సోమవారానికి ఇక్కడ ఏం మిగలదు సార్."

మూడు నిమిషాలు అయిపోయాయి. లైన్ తెగింది.

*

మూడుంబావుకు అతను తిరిగొచ్చేసరికి లింగం మొదటి అంతస్తులోని టెలెక్స్ గదిలో ఎదురుచూస్తున్నాడు. చేతిలో దేవదానం తొందరలో బల్ల మీద మరిచిపోయిన పెన్ను ఉంది. కెమెరా పెన్ను.

"సిరా లేని పెన్ను జేబుల పెట్టుకుని తిరుగుతరా దేవదానం గారూ?" లింగం తాపీగా అన్నాడు. "కూర్చోండి. నాలుగు దాటినంక మిమ్మల్ని, మీ అనువాదాలను ఎవరూ వెతకరు. నేను అప్పటికి గేటు బయట ఉంటా."

బయట నుంచి గొళ్లెం పడింది. టెలెక్స్ గదికి ఒకవైపు గోడంతా మందపాటి అద్దం. కింద ప్లాంట్ మొత్తం కనబడుతుంది. పంపుల హోరులో గదిలోంచి ఎంత అరిచినా కిందికి వినబడదు. దేవదానం కుర్చీ ఎత్తి అద్దానికేసి కొట్టాడు. కుర్చీ కాలు విరిగింది. గొడుగుతో కొట్టాడు. గొడుగు వంగింది.

గోడగడియారం మూడూ యాభై చూపిస్తోంది.

కింద కొమురయ్య డ్రమ్ములు ఎత్తే చైన్ హాయిస్ట్ దగ్గర నిలబడ్డాడు. ట్రాలీ మీద నీలం డ్రమ్ములు వరుసగా వచ్చాయి. మొదటి దాని మీద తెల్లరంగుతో ఒకటి అని ఉంది. కొమురయ్య ఒకసారి స్తంభం మీది మైసమ్మ గూటి వంక చూశాడు. గూట్లో పసుపు, కుంకుమ పెట్టిన రేకు మూతలు అలాగే ఉన్నాయి. ఒకసారి లింగం వంక చూశాడు. తల దించుకుని, మొదటి డ్రమ్ముకు గొలుసు తగిలించాడు.

పేలే సరుకు ఆ మొదటి డ్రమ్ములోనే ఉందని, నోటీసు అందుకేనని దేవదానానికి ఇప్పుడు తెలిసింది. నోటీసు బాగా పనిచేసింది. తను రాసిన అందమైన అక్షరాల నోటీసు. దేవదానం అద్దానికి నుదురు ఆనించి నిలబడ్డాడు. అరవై మంది, ఎలిజబెత్, లీలమ్మకు ఇచ్చిన మాట, అన్నీ ఆ గొలుసుకు వేలాడుతూ పైకి లేస్తున్నాయి. తన చేతిలో ఏమీ లేదని అతనికి అర్థమైంది.

మూడూ యాభై ఆరు. రియాక్టర్ మూత తెరిచారు.

ఎలిజబెత్ ఎక్కడి నుంచో పరుగెత్తుకుంటూ వచ్చింది. నల్లకళ్లద్దాలు లేవు. చెప్పులు లేవు. చెయ్యి అడ్డం పెట్టి ఏదో అరుస్తోంది. ఆపమంటోందని పైనుంచే తెలుస్తోంది. కొమురయ్య ఆగాడు. లింగం చిరునవ్వుతో ఏదో చెప్పాడు. మేడమ్‌కు ఒంట్లో బాగాలేదనో, ఇంకేదో. చుట్టూ ఉన్న వర్కర్లు నేల చూశారు. మేనేజర్ కారులో ముందు సీట్లో తిరిగే మనిషి మాట ఎవరు వింటారు? లింగం చేత్తో పైకి ఎత్తమని సైగ చేశాడు. హాయిస్ట్ కదిలింది.

ఎలిజబెత్ చుట్టూ చూసింది. పైకి చూసింది. అద్దం వెనక సోడాబుడ్డి కళ్లద్దాలు కనబడ్డాయి.

దేవదానం చెయ్యి ఎత్తాడు. బొటనవేలిని రెండు కనుబొమ్మల మధ్య గట్టిగా నొక్కాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ చోట అతను ఎప్పుడూ ఏదీ పెట్టుకోలేదు. మళ్లీ నొక్కాడు. వేలితో డ్రమ్మును చూపించాడు. మళ్లీ నుదురు.

ఆమెకు ఒక్క క్షణం పట్టింది. స్తంభం దగ్గరికి ఉరికి రెండు రేకు మూతలూ అందుకుంది. డ్రమ్ము అప్పటికి ఆమె ఛాతీ ఎత్తుకు లేచి, రియాక్టర్ మూతి వైపు వంగుతోంది. పసుపు మొత్తం అరచేతిలో వంపుకుని డ్రమ్ము మీద ఇటునుంచి అటు పూసింది. కుంకుమలో వేలు ముంచి, ఒకటి అన్న అంకె మీద బొట్టు పెట్టింది. లీలమ్మ టీచర్ కూతురు, ఆదివారం బడిలో వాక్యాలు అప్పజెప్పి బహుమతులు తెచ్చుకున్న పిల్ల, మైసమ్మ డ్రమ్ముకు చేతులు జోడించి నిలబడింది.

కొమురయ్య చేతిలో మీట కింద పడింది.

"ఎత్తు!" అని లింగం అరిచాడట. కొమురయ్య తర్వాత కోర్టులో చెప్పాడు.

"ఎత్త సార్."

"ఉద్యోగం ఊడుతది!"

"ఊడనీ."

పదహారు మంది డ్రమ్ము చుట్టూ మూగారు. లింగం వాళ్లను తోసుకుంటూ వెళ్లి హాయిస్ట్ మీట తనే అందుకున్నాడు. అతనిది కూడా ఆ చుట్టుపక్కల ఊరే. చిన్నప్పుడు తల్లి కొంగు పట్టుకుని మైసమ్మకు తొలి బుక్కెడు పెట్టివచ్చినవాడే. పసుపు పూసిన డ్రమ్ము కళ్లెదుట ఊగుతుంటే అతని వేలు మీట మీద ఆగింది. ఎంతసేపు ఆగిందంటే, కొమురయ్య గోడ దగ్గరికి పోయి హాయిస్ట్ ఫ్యూజు ఊడబీకేంతసేపు.

డ్రమ్ము వంగినట్టే ఆగిపోయింది. మూత అంచు నుంచి చిటికెడు బూడిదరంగు పొడి రాలి, రియాక్టర్ గట్టు మీద ఉన్న తడిలో పడి, ఠప్పున నిప్పురవ్వ లేచి ఆరిపోయింది. అందరూ చూశారు.

అద్దం వెనక నాలుగు గంటలు కొట్టింది.

*

కథ ఇక్కడ ఆగితే ఎంత బాగుండేది.

లింగాన్ని వర్కర్లు గేటు దగ్గర పట్టుకుని పోలీసులకు అప్పగించారు. అతను తెలివైనవాడు, వారం తిరక్కుండా అప్రూవర్‌గా మారాడు. ముఠా పేర్లు పన్నెండు చెప్పాడు. పదకొండు మంది హాంబర్గ్‌లో క్షేమంగా ఉన్నారు. పన్నెండో పేరు ఎలిజబెత్. దిగుమతి కాగితాల మీద సంతకాలన్నీ ఆమెవే.

కొమురయ్య కోర్టుకు వచ్చి, ఉతికిన ధోవతి కట్టుకుని, జరిగింది జరిగినట్టు చెప్పాడు. "ఆ మేడమ్ లేకుంటే నేను ఇయ్యాల ఇక్కడ లేను సార్" అన్నాడు. ప్రాసిక్యూటర్ అతన్ని ఒక్క ప్రశ్నే అడిగాడు. ఆ డ్రమ్ములో ఏముందో ఆమెకు ముందే తెలుసా? తెలుసన్నాడు కొమురయ్య. ఎలా తెలుసు? కొమురయ్య దగ్గర జవాబు లేదు. అరవై మందిని బతికించిన సంగతే ఆమె నేరానికి రుజువైంది.

జవాబు దేవదానం దగ్గర ఉంది. అతను ఆఫీసు అనుమతి లేకుండానే బోనెక్కాడు. నేను ప్రభుత్వ గూఢచారిని, ఆమె కూడా అన్నాడు. ఐడెంటిటీ కార్డు చూపించమన్నారు. ట్రాన్స్‌లేటర్, వైఖరి ఆర్గానిక్స్ అని ఉంది. కోర్టు హైదరాబాద్‌కు లేఖ రాసింది. సోమవారం చార్జ్ తీసుకున్న డిప్యూటీ జవాబు పంపాడు. దేవదానం అనే వ్యక్తి గానీ, ఏజెంట్ నైన్ గానీ తమ రికార్డుల్లో లేరు. దేశ భద్రత దృష్ట్యా అలా రాయవలసి వచ్చిందని దేవదానాన్ని విడిగా పిలిచి టీ ఇప్పించాడు.

ఎలిజబెత్‌కు పన్నెండేళ్లు శిక్ష పడింది.

సంగారెడ్డిలో దేశద్రోహం సంగతి కంటే పసుపు పూసిన సంగతే ఎక్కువ రోజులు నలిగింది. ద్రోహం సరే, మైసమ్మకు బొట్టు పెట్టడమేమిటని సంఘంలో పెద్దలు బాధపడ్డారు. లీలమ్మ ముందు వరుసలోంచి చివరి వరుసకు మారింది. ఆమె బతికుండగా నిజం చెప్పింది దేవదానం ఒక్కడే. ఆమె నమ్మింది కూడా. "నువ్వు తీస్కొస్తనన్నవు కదన్నా" అని మాత్రం అంది. తొంభై అయిదులో ఆమె పోయింది.

నెలకోసారి దేవదానం జైలుకు వెళ్లేవాడు. ములాఖత్ చీటీలో బంధుత్వం దగ్గర ఏం రాయాలో మొదటిసారి తెలియక చాలాసేపు నిలబడ్డాడు. ఇంగ్లీషులో ఒక మాట ఉంది, దానికి సరైన జర్మన్ మాట కూడా అతనికి తెలుసు. తెలుగులో 'మేనమామ' అని రాశాడు. వార్డరు లోపలికి పంపింది.

రెండు వేల సంవత్సరం చలికాలంలో ఎలిజబెత్ బయటికి వచ్చింది. గేటు దగ్గర అతను వంగిన గొడుగుతో నిలబడి ఉన్నాడు. అరవై ఎనిమిదేళ్లు. ఆమె జుట్టు సగం నెరిసింది. పటాన్‌చెరు మీదుగా పోయే బస్సెక్కారు. వైఖరి ఆర్గానిక్స్ మూతపడి నాలుగేళ్లయింది. విదేశీ కంపెనీ ఒకటి దాన్ని కొని మూసేసింది. చట్టప్రకారమే కొంది. ముఠా అవసరం లేకుండానే పని అయిపోయింది.

కండక్టర్ వచ్చాడు. దేవదానం జేబులు తడుముకుంటూ, "బస్ చార్జి ఎంతైంది?" అన్నాడు.

కండక్టర్ కంటే ముందు ఆమె అంది. "పెరిగింది సార్. మళ్ల తగ్గదు."

ఇద్దరూ కిటికీలోంచి బయటికి చూశారు. కంది ఊరి దగ్గర చేలల్లో జొన్న కోతకొచ్చింది. సంగారెడ్డిలో లీలమ్మ ఇంటి తాళం తుప్పుపట్టి తెరుచుకోలేదు. దేవదానమే రాయి తెచ్చి పగలగొట్టాడు. తీసుకొస్తానన్న మనిషిని తీసుకొచ్చాడు, చూడవలసినామె లేదు. ఎలిజబెత్ గడప మీద కూర్చుని అప్పుడు ఏడ్చింది, పన్నెండేళ్లకు సరిపడా. అతను పక్కన నిలబడ్డాడు. ప్రాణంతో చేర్చాడు. పేరుతో చేర్చలేకపోయాడు.

పేరు కోసం అతను చేస్తున్న ప్రయత్నం ఒక్కటే మిగిలింది. కోర్టు దృష్టిలో లేని దేవదానం ఆఫీసు దృష్టిలో 1990లో పద్ధతిగా రిటైరయ్యాడు. వెళ్లేటప్పుడు తన అధీనంలో ఉన్న వస్తువుల జాబితా రాసి చార్జ్ అప్పగించాలి. ఒకటి, కెమెరా పెన్ను. రెండు, చేతిగడియారం, తుప్పుపట్టినది. మూడు, గొడుగు, వంగినది. అలా ఎనిమిది రాసి, తొమ్మిదో వరుసలో ఇలా రాశాడు: 'ఎలిజబెత్, తల్లి లీలమ్మ, సంగారెడ్డి. చీఫ్ యాదగిరి గారు స్వయంగా నాకు అప్పగించినది. మంచి పేరుతో తిరిగి ఇవ్వవలసినది.'

జాబితా వెనక్కి వచ్చింది. 'సీరియల్ తొమ్మిది స్టాక్ రిజిస్టర్లో లేదు. తొలగించి పంపగలరు.' అతను తొలగించకుండా పంపాడు. మళ్లీ వచ్చింది. మళ్లీ పంపాడు. ఈ పదేళ్లలో డిప్యూటీలు నలుగురు మారారు, నలుగురూ అదే వాక్యం రాశారు. ఎలిజబెత్ ఇంటికొచ్చిన మర్నాడు కూడా అతను పోస్టాఫీసుకు వెళ్లి, అదే జాబితాను కొత్త కవరులో పెట్టి, రిజిస్టర్ చేసి వచ్చాడు.

రికార్డుల ప్రకారం ఏజెంట్ దేవదానం ఇంకా చార్జ్ అప్పగించలేదు.